ఆఖరి బాప్తిస్మం

"అయ్యగారా, ముంచబోయే ముందు ఒక మాట. అది చెప్పకుండా మునిగితే బాప్తిస్మం కాదు, ఉత్త స్నానం."

మైపాడు సముద్రంలో నడుం లోతు నీళ్లలో నిలబడి ఉన్న పాస్టర్ లాజరస్‌కు నవ్వొచ్చింది. పొద్దున్నుంచీ నలుగురికి బాప్తిస్మం ఇచ్చేశాడు. ఆఖరివాడు ఈ చిన్నపోలయ్య. పట్టపుపాళెంలో పుట్టి, వలలు వదిలేసి లారీ డ్రైవరైన మనిషి. తెల్లబట్టలు కట్టుకుని, నేర్పినట్టే రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు. ఒడ్డున సంఘమంతా పాట ఎత్తుకుంది. లాజరస్ భార్య ఎలిశబెతు తువ్వాలు పట్టుకుని చూస్తోంది.

"చెప్పు నాయనా. ప్రభువు వింటాడు."

"ప్రభువుకు ఎప్పుడో చెప్పినా. ఇది మీకు చెప్పాల." పోలయ్య తల దించుకున్నాడు. "కృష్ణపట్నం రోడ్డులో మీ సుశీల్‌ను గుద్దింది నా లారీనే."

అల వచ్చి ఇద్దరినీ ఊపేసి పోయింది.

"ఏందిరా నువ్వనేది?"

"అప్పుడు ఎవురో తెలీదయ్యా. మొన్న ప్రార్థనకు మీ ఇంటికొచ్చి గోడ మీద ఫోటో చూసినాక తెలిసింది. ఆ పొద్దు లారీ అద్దంలో చూసినా. పడినోడు లేవలేక చెయ్యి ఎత్తినాడు. ఐనా బండి ఆపలా."

ఒక్కగానొక్క కొడుకు! వాణ్ణి చంపిన ఆ ఊరూ పేరూ తెలియని లారీవాణ్ణి క్షమించేశానని లాజరస్ ఎన్ని ప్రసంగాల్లో చెప్పుకున్నాడో! పేరు తెలియనివాణ్ణి క్షమించడానికేం, ఎంతమందినైనా క్షమించొచ్చు. ఇదిగో, ఇప్పుడు వాడి మెడ తన చేతిలోనే ఉంది.

"తండ్రియొక్కయు..." అన్నాడు. "కుమారునియొక్కయు" దగ్గర ఆగిపోయాడు. మాట పూర్తి కాకుండానే పోలయ్యను వెనక్కి వంచి ముంచేశాడు. లేపలేదు.

ఎవరికి తెలుస్తుంది? అల లాగేసిందంటారు. పాపం, అయ్యగారు ఎంత పట్టుకున్నా దక్కలేదంటారు. 'చెయ్యెత్తరా! నా బిడ్డ ఎత్తినట్టు ఎత్తు. అప్పుడు వదులుతా' అని లాజరస్ లోపల్లోపల పళ్లు నూరాడు.

పోలయ్య ఎత్తలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ సముద్రంలో ఈదినవాడు, ఈ ముసలాణ్ణి ఒక్క విదిలింపుతో అవతల పారేయగలడు. కానీ గుండెల మీది చేతులు అట్లాగే ఉన్నాయి. నీటి మీదికి బుడగలు వచ్చాయి. కాసేపటికి అవీ ఆగిపోయాయి.

"ఏమండీ! లేపండి! మనిషి పోతాడు!"

ఒడ్డున ఎలిశబెతు చెయ్యెత్తి అరుస్తోంది. ఆ ఎత్తిన చెయ్యి లాజరస్ కంట పడింది. చూసి కూడా ఆపనివాళ్లు ఇప్పుడు ఇద్దరయ్యారు.

రెండు చేతులతో పోలయ్యను పైకి లాగాడు. వాడు ఉప్పునీళ్లు కక్కుకుని, దగ్గి దగ్గి, ఆయన భుజం మీదే వాలిపోయాడు.

"ఎందుకురా విదిలించుకోలా?"

"మీకే వదిలేసినా అయ్యా."

లాజరస్ పసిబిడ్డలా బావురుమన్నాడు. ఒడ్డున ఉన్నవాళ్లు అది మనిషి దక్కిన సంతోషమనుకున్నారు. సంఘపెద్ద ఆనందకుమారి నోటికి చేతులు అడ్డం పెట్టి గట్టిగా కేకేసింది.

"అయ్యగారా, అందరికీ అయిపోయినట్టేనా? ప్రార్థన చేసి ముగించేద్దామా?"

"లేదమ్మా! ఇంకొకడు మిగిలిపోయినాడు!"

పాట ఆగిపోయింది. ఎవరా అని అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

లాజరస్ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, పోలయ్య పక్కన బుద్ధిగా నిలబడ్డాడు.

"నా పాపం నువ్వు కళ్లారా చూసినావు. ఇప్పుడు నన్ను ముంచు, పోలయ్యా."