అమ్మ చూడని ఆట

తొడుక్కున్న చెప్పులు అమ్మ మళ్లీ విప్పేసింది.

“నేను రానే. నువ్వెళ్లు.”

“ఆటో అతను హారన్ కొడుతున్నాడమ్మా!” అంది కూతురు. ఆమె కాలేజీలో తర్కశాస్త్రం చెబుతుంది. ఇవాళ తమ్ముడికి షటిల్ ఫైనల్. గెలిస్తే ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం. వయసు దాటిపోతోంది, మళ్లీ అవకాశం లేదు.

“నేను చూసిన ఆటలన్నీ ఓడాడు కదే.”

“నువ్వు చూశాక ఓడితే, నువ్వు చూడబట్టి ఓడినట్టా? నిన్న నువ్వు గొడుగు తీశాక కరెంటు పోయింది. గొడుగు వల్లేనా?”

“పక్కింటావిడ కూడా వద్దంది.”

“వీధంతా అన్నా అబద్ధం నిజమైపోదు.”

“ఓడితే వాడు దిగులుతో మంచం పడతాడు. ఇల్లు గడవదు. ఆ తర్వాత...”

“ఒక్క కుర్చీలో కూర్చుంటే ఇన్ని కొంపలు మునుగుతాయా?”

“ఏనాడూ బ్యాటు పట్టనిదానివి, నీకేం తెలుసే?”

“అది నా మీద మాట, నా వాదన మీద కాదు.”

“వాడు...” అని ఆగిపోయి, అమ్మ కుట్టుమిషను మీద దారపు రీలు అటూ ఇటూ జరిపింది.

పొద్దున ఆ మిషను ముందే కూర్చుని తమ్ముడి పాత ఆకుపచ్చ సాక్సులకు ఇంకో అతుకు వేసింది. కొత్త జత అలమారాలో అలాగే ఉంది. అమ్మ పీనాసితనానికి కూతురు నవ్వుకుంది. తమ్ముడు వెళ్తూ అమ్మ చెవిలో ఏదో గొణిగాడు. దీవించమన్నాడేమో అనుకుంది కూతురు.

చివరికి అమ్మ లేచింది. చెప్పులు తొడుక్కుంది.

వాళ్లు స్టేడియం చేరేసరికి తమ్ముడు ఆధిక్యంలో ఉన్నాడు. అమ్మ స్తంభం వెనక నక్కి, కొంగు కొస నలుపుతూ నిలబడింది.

“ఇంకొక్క పాయింటే! ఇప్పుడన్నా కళ్లారా చూడవే అమ్మా!” కూతురు ఆమె చెయ్యి పట్టుకుని ముందు వరుసలోకి లాక్కొచ్చింది.

సర్వీసు చేయబోతూ తమ్ముడు తలెత్తాడు. అమ్మ కనబడింది.

షటిల్ నెట్‌కి తగిలింది. తర్వాతది గీత దాటి పడింది. ఆపైన అతని కాళ్లు అతని మాట వినలేదు. చేతిలోకి వచ్చిన ఆట చేజారిపోయింది.

“ఇది... ఇది కాకతాళీయమే అమ్మా.” అంది కూతురు. “ఇంతమాత్రాన నీ నమ్మకం నిజమైపోదు.”

కోర్టులో కూలబడ్డ కొడుకు ఆకుపచ్చ సాక్సుల మీంచి అమ్మ చూపు తిప్పుకోలేదు.

“నమ్మకం నాది కాదే, వాడిది.”