ఇద్దరికొక మంచం

వరదకు ఊరి వంతెన కొట్టుకుపోయిన ఏడాది తాపీమేస్త్రి పరాయి దేశం చేరాడు. బావ ఉండే గదిలోనే దిగాడు. అక్కడ మంచం ఇద్దరికొకటి. రాత్రంతా మురుగుకాలవల్లో పూడిక తీసి వచ్చినవాడు దానిమీద పగలు పడుకుంటాడు, మేస్త్రి రాత్రి.

వారం తిరక్కముందే మేస్త్రి దిండు విసిరికొట్టాడు. "ఛీ! ఏం కంపు బావా! వాడి దిండు మీద తల పెట్టేకంటే ఇంటికి పోవడం నయం."

బావ కూర కలుపుతూనే అన్నాడు. "అత్తారింటి పరుపనుకున్నావా, బామ్మర్దీ? వాడసలు నీ దిండే ముట్టడు. రాగానే దాన్ని అటకెక్కించి, నువ్వు కాళ్ళు పెట్టే వైపు తల పెట్టి పడుకుంటాడు. లేచాక మళ్ళీ దించి పెడతాడు."

"ఎందుకట?"

"నీకు రోత పుడుతుందని."

మేస్త్రి దిండు తీసి మళ్ళీ వాసన చూశాడు. సిమెంటు, బీడీ, తలకు రాసుకునే ఆముదం. అన్నీ తనవే.

మర్నాడు పొద్దున్నే దిండు గలీబు ఉతికి ఆరేశాడు. పెట్టెలోంచి ఇంకా కట్టని కొత్త పంచె తీసి, మడిచి, కాళ్ళ వైపు తలగడగా పెట్టి పనికి పోయాడు.