చెరిపిన కనుపాపలు

అమ్మవారి బొమ్మలు గీసే జోగేశ్వరరావుకి ట్యాబ్ మీద గీయడం ఎంతకీ అబ్బడం లేదు. గాజు మీద పెన్ను జారి గీత వంకరపోతోంది. కాగితం మీదైతే కనుపాపలు చివర్న, ఒక్కసారే పెట్టేవాడు. పెట్టాక చెరపకూడదని వాళ్ల నాన్న నియమం. ఇందులో చెరపడం మరీ తేలిక. విసుగ్గా పెట్టాడు, చెరిపాడు. మళ్లీ పెట్టాడు, మళ్లీ చెరిపాడు. చెరిపినప్పుడల్లా గదిలో వెలుగు తగ్గుతోంది.

"వెధవ వోల్టేజీ," అని తిట్టుకుంటూ ఇంకోసారి చెరిపేశాడు. అంతా చీకటైపోయింది.

"నాగరత్నం, కరెంటు పోయింది. కొవ్వొత్తి పట్రా."

భార్య అడుగులు గుమ్మం దగ్గర ఆగాయి. నెత్తిమీద ఫ్యాను కిర్రుకిర్రుమని తిరుగుతూనే ఉంది.

"లైటు వెలుగుతోంది కదండీ. ఏదీ, ఇటు చూడండి."

అతను తిరిగాడు. ఆమె చేతిలోని మజ్జిగ గ్లాసు కిందపడిన చప్పుడు వినిపించింది.