ఒంటి చెప్పు

కారు ముందు బంపరుకు చెప్పు వేలాడుతోంది.

ప్రసన్నకుమార్ చేతిలోని కొబ్బరికాయ గేటు పక్కన పెట్టి, వంగి చూశాడు. అరిగి పల్చబడిన నీలం హవాయి చెప్పు. తెగిన పట్టీకి పిన్నీసు గుచ్చి ఉంది. పాత చీర అంచు చింపి, ఊడి రాకుండా రెండు ముళ్లు వేసి మరీ కట్టారు.

అతనికి తల కొట్టేసినట్టయింది. పదేళ్లకు పైగా ప్రాణం పెట్టి చేస్తున్న కారది. పాత అంబాసిడర్ కొని, పైకప్పు కోసి కిందికి దించి, బోనెట్ తీసేసి, ఇంజను దర్జాగా బయటికి కనపడేలా నిలబెట్టి, వెనక వెడల్పాటి టైర్లు వేసి, ఎర్రరంగు కొట్టి, విదేశాల్లో పాత కార్లను షోకు బళ్లుగా మార్చినట్టు దాన్ని హాట్ రాడ్ చేశాడు. ఆ ధ్యాసలో పడి స్నేహితులు ఒక్కొక్కరే జారుకున్న సంగతి కూడా ఆలస్యంగానే గమనించాడు. నిన్న సాయంత్రం మొదటిసారి, వీధిలోకి తెరిచి ఉండే రేకుల షెడ్డులోంచి తీసి, కడిగి, గేటు బయట నిలబెట్టాడు. ఈ ఆదివారం పొద్దున, ట్రాఫిక్ పోలీసులు రోడ్డెక్కకముందే, అల్మాస్‌గూడ నుంచి ఎల్బీనగర్ దాకా ఒక్క చుట్టు తిప్పుకు రావాలని ఆశ. వెళ్లేముందు వీధిలో ఒక్కరైనా చూసి బాగుందంటారేమోనని అంతకన్నా పెద్ద ఆశ.

చెప్పు ఊడదీసుకుని వెళ్లి ఎదురింటి గేటు బాదాడు. కాలనీ సంఘం సెక్రటరీ శేఖర్ నోట్లో బ్రష్షుతోనే బయటికొచ్చాడు.

“ఇది మీ ఇంట్లోదేనా?”

“ఏంది సార్, పొద్దుగాల్నే చెప్పు చూపెడుతున్నరు?”

“నా కారుకు కట్టారండీ ఎవరో. మొన్న వినాయకుడి మండపం వేసేటప్పుడు ఈ డొక్కు ఎప్పుడు తీసేస్తారని అడిగింది మీరే కదా?”

“అడిగిన. అడిగితే చెప్పు గడ్తనా? దిష్టికి గట్టిండ్రేమో సార్. లారీలకు గట్టరా?”

“లారీలకు వెనక కడతారు. నల్లరంగేసి కడతారు. దీన్ని ముందు కట్టారు. మొహం మీద చెప్పుతో కొట్టడం కాకపోతే ఏంటిది?”

శేఖర్ నోట్లో నురగ ఉమ్మేసి, కారు వైపు చూశాడు. “గది గూడ నిజమే. అయినా సార్, బోనెట్ ఎప్పుడు పెట్టిస్తరు?”

ప్రసన్నకుమార్ విసురుగా పక్కింటికి నడిచాడు. వాళ్లు గుమ్మం ముందున్న చెప్పులన్నీ వరసగా పేర్చి, ఏ జతా తప్పలేదు చూసుకోమన్నారు. ఆ ఇంటి మేడ మీంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఒంటి చెప్పు చేతపట్టుకుని జత కోసం ఇల్లిల్లూ తిరిగే మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వే వస్తుంది మరి. అతనికి మాత్రం ఏడుపొచ్చింది.

వీధి మలుపులో ఆకుకూరల గంప ముందు కూర్చునే అండాలమ్మ దగ్గర ఆగలేదు. రోజూ ఆమె ముందు నుంచే వెళ్తాడు గానీ ఒక్క కట్ట కొన్నది లేదు, ఒక్క మాట కలిపింది లేదు. ఆ ముసలామెను ఏమని అడుగుతాడు?

తిరిగొచ్చి డ్రైవరు సీట్లో కూలబడ్డాడు. పాత ఇనుము కొనే జగన్‌కు ఫోన్ చేశాడు.

“క్రేన్ బండి తీసుకురా. కారు తీసుకుపో.”

“గా ఎర్రదా సార్? మొన్ననే గద రంగేసిన్రు!”

“రంగుతో సహా తీసుకుపో. ముక్కలు చేసుకో.”

“ఇంట్లోవాళ్లను అడిగిన్రా? మల్ల పరేషాన్ గావద్దు సార్.”

“అడగడానికి ఎవరూ లేరు. నువ్వు రా.”

ఫోన్ పెట్టేసి స్టీరింగు మీద తల ఆనించాడు. పక్క సీటుకు నిన్ననే కొత్త కవరు తొడిగాడు. అందులో ఎవరు కూర్చుంటారో అతనికే తెలీదు. ఇంత పెద్ద నగరంలో, ఇన్ని ఇళ్ల మధ్య, తన సంతోషం పంచుకునే మనిషి ఒక్కరూ లేరని అప్పుడు గట్టిగా అనిపించింది.

“ఎవరిప్పిండ్రు దాన్ని?”

తలెత్తాడు. గంప నెత్తిన పెట్టుకుని అండాలమ్మ నిలబడి ఉంది. ఆమె కుడికాలికి నీలం హవాయి చెప్పు. ఎడమకాలు ఉత్తిదే.

“నువ్వా కట్టింది?” ప్రసన్నకుమార్ దిగ్గున కిందికి దిగాడు. “నీకేం అపకారం చేశానమ్మా నేను? ఎప్పుడైనా నీతో మాట్లాడానా అసలు?”

“మాట్లాడకుంటే ఏంది బిడ్డా? కూరలమ్మి పొయ్యేటప్పుడు రోజు సూస్త గద. ఎండైనా వానైనా గా బండి కిందనే పండుకొని నట్లు బిగిస్తుంటివి. నిన్న బయటికి తీసినవ్. శానా ముద్దుగుంది. ఎవ్వని కండ్లు పడ్తయోనని కట్టిన.”

ప్రసన్నకుమార్ సీటు మీద పడేసిన చెప్పును చేతిలోకి తీసుకున్నాడు. అయినా మనసులో ముల్లు పూర్తిగా పోలేదు.

“దిష్టికైతే వెనక కడతారు కదమ్మా. ముందెందుకు కట్టావు?”

అండాలమ్మ గంప దించింది. అతని చేతిలోంచి చెప్పు తీసుకుని బంపరు ముందు గొంతుక్కూర్చుంది. చీర అంచుతో మళ్లీ ముడి వేస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

“నా కొడుకు ఆటోకు ఎన్కనే కట్టిన బిడ్డా. లారీ ముంగట్నుంచి ఒచ్చింది.”