పాలపుంత నడిమి గాలి

ఉపన్యాసం మొదలవబోతుండగా ఆ ముసలాయన ఖగోళ పరిశోధకురాలు నయారాకి మళ్ళీ అడ్డం వచ్చాడు.

"రెండే నిమిషాలమ్మా. మీ బొమ్మలో ఎడమ అంచు..."

"ఎగిరే పళ్ళేల సంఘం వాళ్ళు కింది అంతస్తులో కూడతారు, పెద్దాయనా," అంటూ ఆమె తప్పుకుపోయింది.

చిలీ దేశపు అంతోఫగాస్తా నగరంలో ఆ మధ్యాహ్నం హాలు కిక్కిరిసింది. కాలమా ఊరి రాగి గని కార్మికుడి కూతురు మాట్లాడుతోందని పత్రికలవాళ్ళు కూడా వచ్చారు.

నయారా తెర మీద బొమ్మ చూపించింది. పాలపుంత నడిబొడ్డు నుంచి పైకొకటి, కిందికొకటి ఉబ్బిన రెండు మహా వాయు బుడగలు. వాటిని ఊదుతున్న గాలి ఇంకా ఆగలేదని, ఎడమ అంచున కొత్త పాయ కూడా కనిపిస్తోందని వివరించింది.

మూడో వరసలోంచి ముసలాయన లేచాడు. దగ్గు ఆపుకుంటూ, అది గాలి కాదేమో, పరికరం చేసిన పొరపాటేమో చూసుకోమన్నాడు. ఆమె జవాబు చెప్పింది. ఆయన కూర్చోలేదు. మళ్ళీ అదే మాట.

విలేఖరులు రాసుకుంటున్నారు.

నయారాకి ఒళ్ళు మండింది. చదువుకున్నన్నాళ్ళూ ఇలాంటివాళ్ళే. తన చోట మగాడు నిలబడి ఉంటే ఈయన ఇలాగే లేచేవాడా?

"బేరాలాడటానికి ఇది చేపల బజారు కాదు. అసలు మీరు జన్మలో ఒక్కసారైనా టెలిస్కోపు దగ్గర కూర్చున్నారా?"

హాలంతా గొల్లుమంది.

ముసలాయన దగ్గుకుంటూ వరసలోంచి బయటపడ్డాడు. ఎవరూ పంపకుండానే హాలు దాటి వెళ్ళిపోయాడు. ముందు వరసలో టెలిస్కోపు కేంద్రం డైరెక్టర్ ఫబియాన్ తల దించుకున్నాడు.

ఆయన మాట తప్పని తేల్చాలన్న పంతంతోనే నయారా కొలతలన్నీ తిరగేసింది. వారాలు పట్టింది. బుడగలు నిజమే. ఎడమ అంచున పాయ మాత్రం లేదు. అది పరికరం లోపమే.

ఆ ముక్క తీసేసి వ్యాసం పంపింది. అలాగే అచ్చయి ఉంటే తలెత్తుకోలేకపోయేది.

అయినా కోపం చల్లారలేదు. నేరుగా డైరెక్టర్ గదికి వెళ్ళింది.

"ఆ పెద్దాయన ఎవరో చెప్పండి. క్షమాపణ అడుగుతాను. కానీ అంతమందిలో నన్నెందుకు నిలదీశారో కూడా అడుగుతాను."

"ఉపన్యాసం రోజు పొద్దుట్నుంచీ నీ గది బయటే కూర్చున్నాడు. నువ్వు మాట్లాడనిస్తేగా," అన్నాడు ఫబియాన్. ఆయన్ని మొన్న ఆదివారమే పూడ్చిపెట్టి వచ్చామని చెప్పాడు. ఊపిరితిత్తుల జబ్బట.

నయారా కుర్చీ లాక్కుని ఫబియాన్ ఎదురుగా కూర్చుంది.

"మరి అందరూ నవ్వుతుంటే మీరెందుకు నోరు మెదపలేదు?"

"తనెవరో నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు," అన్నాడు ఫబియాన్. "పోయినేడు టెలిస్కోపు కోసం నువ్వు పెట్టిన దరఖాస్తు ముందు తిప్పి పంపాం. తర్వాత ఎవరో మానుకున్నారని టెలిస్కోపు వాడుకునే వంతు నీకు ఇచ్చాం. ఆ మానుకున్నది ఆయనే, దోన్ హెనారో. బతుకంతా ఆ బుడగల వెంటే తిరిగిన మనిషి, నీ దరఖాస్తు చదివి, తనకు దక్కిన ఆఖరి వంతు నీకు వదిలేశాడు."