అన్నీ సర్దిన అమ్మ

"మాస్క్ తేలేదామ్మా?"

గుడారం తాడు బిగిస్తున్న తల్లి తలెత్తి చూసింది. ఎవరో ఆవిడ. భుజాన వెలిసిపోయిన గుడ్డసంచి.

"ఏం మాస్క్?"

"ఇనప ఊచలతో ఉంటుందే, మొహానికి పెట్టుకునేది. బంతి వేసేది మీ అమ్మాయేగా. అంత దగ్గర్నుంచి బ్యాటుకి తగిలి తిరిగొస్తే తప్పుకునే టైముండదు."

తల్లికి ఒళ్ళు మండింది.

మండదూ మరి? పిల్లల సాఫ్ట్‌బాల్ టోర్నమెంటుకి ఆమె సర్దినట్టు సర్దే తల్లి ఇంకా పుట్టలేదు. గుడారం, మడత కుర్చీలు, ఐస్ పెట్టె, అరటిపళ్ళు, ఉడకబెట్టిన గుడ్లు, మార్చుకోడానికి మేజోళ్ళు, తువ్వాళ్ళు, ఎండకి క్రీము, వానకి కోట్లు, బూట్ల లేసులు, జడ రబ్బర్లు, పిన్నీసులు, నొప్పులకి స్ప్రే. డిక్కీ మూత పడక మొగుడు దాని మీదెక్కి కూర్చున్నాడు. "ఇంటి తలుపులు కూడా పీకి పెట్టకపోయావా" అని సణిగాడు కూడా. అలాంటి మనిషిని పట్టుకుని, తేలేదా అని అడగడమేమిటి?

"ఇంట్లో ఉంది. కావాలనే తేలేదు," అంది తల్లి.

"అయ్యో, ఎందుకని?"

"పెద్ద జట్టుకి పిల్లల్ని ఎంచడానికి ఇవాళ సెలెక్టర్లొస్తున్నారు. మొహానికి బోను తగిలించుకుంటే పిల్లకి భయమనుకోరూ? మా అమ్మాయిని టీమంతా తూటా అంటారు. తూటాకి భయమేంటండీ?"

ఆవిడ భుజం మీంచి సంచి దింపింది. సంచిలో చెయ్యి పెట్టింది.

"నా దగ్గరొకటుంది. కొత్తదే. పెట్టుకోమనండి."

"మీ పిల్లది ఏ టీము?"

"ఇప్పుడు ఆడట్లేదు."

"మరి మీకిక్కడేం పని?"

ఆవిడ మాస్క్ పైకి తీసింది. కుర్చీలో కాళ్ళు చాపుకున్న తండ్రి అందుకున్నాడు.

"అవతలి టీమువాళ్ళు పంపుంటారు. ఆటకి ముందు ఇలాంటివి చెవిలో వేస్తే పిల్ల చెయ్యి వణుకుతుంది. అదీ ఎత్తు."

ఆ మాట తల్లికి ఇట్టే నచ్చింది. నచ్చిన మాట నిజమైపోవడానికి ఎంతసేపు?

మైదానం చూసుకునే నిర్వాహకుడిని కేకేసింది. "ఈవిడ పిల్లలెవరూ ఇక్కడ ఆడట్లేదట. ఊరికే వచ్చి మా పిల్లల్ని బెదరగొడుతోంది. కాస్త చూడండి."

"బయటికెళ్ళండమ్మా," అన్నాడు నిర్వాహకుడు. "ఈ చోటు ఆడే పిల్లల ఇళ్ళవాళ్ళకే."

ఆవిడ మాస్క్ మళ్ళీ లోపల పెట్టింది. సంచి సర్దుకుని గేటు వైపు నడిచింది. గుడారాల కింద ఉన్న తల్లులందరూ ఆ నడకని చివరిదాకా చూశారు. ఒకామె కిసుక్కున నవ్వింది కూడా.

"పీడ వదిలింది," అంది తల్లి, అరటిపండు ఒలుస్తూ.

ఆట మొదలైంది. కూతురు మైదానంలోకి వచ్చింది.

మొహానికి మాస్క్ ఉంది.

తల్లి అరటిపండు పారేసి కంచె దగ్గరికి పరుగెత్తింది. "ఎక్కడిదే అది? తీసెయ్. వాళ్ళు చూస్తున్నారు."

కూతురు ఇటు తిరగనైనా లేదు.

"నిన్నే."

తిరగలేదు.

"ఇంటికి రా, నీ సంగతి చెప్తాను," అని తల్లి పళ్ళు నూరింది. సెలెక్టర్ల వైపు చూసి నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. ఇన్నాళ్ళ శ్రమంతా మట్టిపాలయిందనుకుంది.

కూతురు బంతులు బాగానే వేస్తోంది. అవతలి పిల్లలు ఒక్కొక్కరే వెనుదిరుగుతున్నారు. తల్లి కోపం కొంచెం చల్లబడింది.

అప్పుడొచ్చింది ఓ పొడుగు పిల్ల. బ్యాటు ఝుళిపించింది.

బంతి ఎవరికీ కనపడలేదు. ఠంగుమన్న చప్పుడు మాత్రం వినపడింది. కూతురు వెల్లకిలా పడిపోయింది.

కంచె ఎలా దాటిందో తల్లికే తెలియదు. వెళ్ళి చూసేసరికి మాస్క్ ఊచ ఒకటి లోపలికి వంగిపోయి ఉంది, సరిగ్గా కుడికంటికి ఎదురుగా. దాని వెనక కన్ను రెప్పలార్పుతోంది.

"కనపడుతోందా? నేను కనపడుతున్నానా తల్లీ?"

"కనపడుతున్నావమ్మా."

తల్లి ఆ మట్టిలోనే కూలబడి ఏడ్చింది. డిక్కీ నిండా తెచ్చిన సామాన్లలో పిల్ల కన్ను కాపాడేది ఒక్కటీ లేదు. అది ఆమెకి బాగా అర్థమైంది.

"ఎవరిచ్చారే ఇది?"

"నువ్వు గెంటించావే, ఆవిడే. గేటు బయటినుంచి నన్ను గుర్తుపట్టి పిలిచి, కంచె మీదుగా అందించింది."

తల్లి గేటుకి పరుగెత్తింది. కాపలా మనిషి చెయ్యూపాడు. "ఆవిడా? బస్సెక్కి ఎప్పుడో వెళ్ళిపోయిందమ్మా."

రోడ్డు రెండు వైపులా చూసి, కాళ్ళీడ్చుకుంటూ వెనక్కొచ్చింది. కూతురు గుడారం కింద కూర్చుని ఉంది. నుదురు కమిలింది. తండ్రి నేలచూపులు చూస్తున్నాడు.

"అంతలేసి మాటలన్నాను ఆవిణ్ణి," అంది తల్లి. "ఎక్కడుంటుందో కనుక్కుందాం. ఇల్లు వెతుక్కుంటూ అయినా సరే, వెళ్ళి దణ్ణం పెట్టి వద్దాం."

"వెళ్దామని అప్పుడు నేనంటే నువ్వే వద్దన్నావు."

"ఎప్పుడు?"

"ఆటన్నాక దెబ్బలు తగులుతాయి, ఆస్పత్రికి వెళ్తే తప్పు మనదని ఒప్పుకున్నట్టవుతుంది అన్నావు కదమ్మా."

కూతురు ఊచ వంగిన మాస్క్‌ని తల్లి చేతిలో పెట్టింది.

"పోయినేడు నేను కొట్టిన బంతికి కన్ను పోయిన పిల్ల వాళ్ళమ్మ ఆవిడ."