ఎదురు గడి

కమలాకర్ ముందు పెన్సిలు, రబ్బరు, వారపత్రికలో అచ్చయిన సుడోకు ఉన్నాయి. మధ్యాహ్నం నుంచి వాటిలో రబ్బరు ఒక్కటే పనిచేస్తోంది.

అది మామూలు సుడోకు కాదు. గడుల మీద ఎడమ సగంలో మెలికలు తిరిగిన గీత ఒకటి, కుడి సగంలో దాని అద్దపు నీడ. ఎడమ గీత మీద ఏ అంకె పడితే, కుడి గీత మీద సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న గడిలోనూ అదే అంకె పడాలి.

పొద్దున గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతూ మిత్రుడు సోమన్న దీని మీదే కయ్యానికి దిగాడు.

"గీ లెక్క తెగది సారూ. ఎంత గుంజుకున్నా కుదుర్తలేదు."

"తర్కానికి తెగని లెక్క ఉండది సోమన్నా. పొద్దుగూకేలోపల జవాబు తెస్త."

"తేకుంటే ఉగాదినాడు గుడిల పంచాంగం చదువుతాంటే ముందు వరుసల కూసోవాలె. ఒప్పుకుంటవా?"

ఉద్యోగమున్నన్నాళ్లూ, దిగిపోయాక కూడా పంచాంగాన్ని ఉతికి ఆరేసిన లెక్చరర్ కమలాకర్ నవ్వుతూ ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఎండ గోడ దిగుతోంది. నవ్వు అంతకుముందే దిగిపోయింది. దేవుడు లేడని తేల్చుకోవడానికి కూడా అతనికి ఇంతసేపు పట్టలేదు.

"దీన్ని కూర్చినోని బుర్రల మట్టి ఉన్నది!" అన్నాడు పళ్లు కొరుకుతూ.

భార్య నవనీత చాయ్ తెచ్చి పెట్టింది. "గట్ల తిట్టకుండ్రి. పాపం, ఆయనకూ ఇంట్ల పెండ్లాం ఉంటది. అయినా గిది అచ్చం నా వాకిట్ల ముగ్గు లెక్కనే ఉన్నది."

"ముగ్గు కాదు, తర్కం. జర ఇటు చూడు. ఒక అడ్డవరుసల ఏ అంకె అయినా రెండుసార్లు రావద్దు. సుడోకుకు గది మొదటి సూత్రం. ఇప్పుడు ఈ ఎడమ గీత మీద ఏడు వేసిననుకో. అద్దంల దీని ఎదురు గడి అదే వరుసల... అక్కడ గూడ ఏడే..."

పెన్సిలు జారి కింద పడింది.

"దీనికి జవాబే లేదు!" కమలాకర్ కుర్చీలోంచి లేచాడు. "ఉండడానికి వీల్లేదు! రుజువైపోయింది!"

"అయితే సోమన్న గెలిచినట్టే."

"ఎట్ల గెలుస్తడు? లేని జవాబును తేలేకపోవుడు విప్పేటోని తప్పా? ఒక్కసారన్న విప్పి చూడకుండ, జవాబు ఉండే ఉంటదని గుడ్డిగ నమ్మి అచ్చుకిచ్చినోనిది తప్పు. గంత భక్తి ఉన్నోడే గుడిల ముందు వరుసల కూసోవాలె."

"మాట మీద నిలబడ్తరా?"

"తర్కం మీద నిలబడ్త," అన్నాడు, ఈసారి కొంచెం గొంతు తగ్గించి.

నవనీత బీరువాలోంచి ఉగాదికని అతని తెల్లచొక్కా ఇస్త్రీకి తీసింది. కమలాకర్ అడ్డు చెప్పలేదు, ఎందుకంటే ఆ సుడోకు కింద "కూర్పు" అన్న మాట పక్కన చిన్న అక్షరాల్లో అచ్చయిన పేరు అతనిదే.